మిగులు జాబితా – తొమ్మిదో భాగం: కారణం రాయాల్సిన గడి

పోయిన వారం మనం సీసాలక్కని ప్రభుత్వ నీటి పరీక్షల ల్యాబు గుమ్మంలో, చేతిలో తాళాల గుత్తితో, తెరిచిన నోరు తెరిచినట్టే ఉండగా వదిలేసి వచ్చేశాం. పాపం, వారం నుంచి అలాగే నిలబడి ఉంది. వచ్చే సోమవారం వస్తామని ఉత్తరం రాసిన వర్గీకరణ విభాగం మేడమ్ ఈ సోమవారమే ఊడిపడ్డారు మరి! చెప్పిన రోజున వస్తే జనం ముందే అన్నీ సర్దిపెట్టుకుంటారట. అందుకని ఒక తేదీ రాసి ఇంకో తేదీన రావడం ఆవిడ పద్ధతి. ఉద్యోగులందరూ ఆవిడకి కొలబద్ద అని పేరు పెట్టుకున్నారు, ఆవిడకి వినపడనంత దూరంలో.

సంగతి తెలియనివాళ్ళ కోసం నాలుగు ముక్కలు. సీసాలక్క ఉద్యోగం పేరు సీసాల సహాయకురాలు. ఊళ్ళ నుంచి, బళ్ళ నుంచి, ఆసుపత్రుల నుంచి వచ్చే నీళ్ళ సీసాలు దించుకోవడం, కడగడం, ఆరబెట్టడం ఆమె పని. అదీ కాగితం మీద. నిజానికి పదకొండేళ్ళుగా ఆ నీళ్ళని పరీక్ష చేస్తున్నది ఆమే. రిజిస్టర్లో రాసి సంతకం పెట్టేది మాత్రం పెద్దసారు, అంటే ల్యాబు ఇన్‌ఛార్జి. మూడు నెలల కిందట సీసాలు కడిగే యంత్రం ఒకటి వచ్చింది. దాని వెనకే ఒక ఉత్తర్వు కూడా వచ్చింది. ఈ నెలాఖరుతో సీసాల సహాయకుల పోస్టులన్నీ రద్దు, వాటిలో ఉన్నవాళ్ళు మిగులు జాబితాలోకి. ఆ జాబితాలో పడ్డవాళ్ళని ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడికి తోలేస్తారు. ఖాళీ లేకపోతే ఇంటికే. తప్పించుకునే దారి ఒక్కటే ఉంది. పోస్టు పేరు ఏదైనా సరే, అందులో జరిగే పని పరీక్షకుల గ్రేడు పని అని వర్గీకరణ విభాగం ఒప్పుకోవాలి. అందుకే సీసాలక్క ఫారం నింపింది. ‘నీళ్ళ పరీక్షలు నేనే చేస్తాను’ అని రాసి, పంపేముందు పెద్దసారుకి చూపించింది. ఆయన చదివి, కళ్ళజోడు తుడుచుకుని, “పంపు” అన్నారు. అంతకు మించి ఒక్క మాట అనలేదు.

ఎందుకు అనలేదో మనకి తెలుసు. ఆ ల్యాబులో ఇద్దరికే తెలిసిన విషయం ఒకటుంది. పెద్దసారుకి ఎరుపుకీ ఆకుపచ్చకీ తేడా తెలియదు. పుట్టుక నుంచీ అంతే. హెడ్డాఫీసులో ఫైళ్ళు చూసుకుంటున్న మనిషిని ప్రమోషను మీద ఇక్కడికి తోశారు. వచ్చిన మొదటి వారమే ఉప్పు పరీక్షకి కూర్చున్నారు. ఫ్లాస్కులో పసుపు నీళ్ళుంటాయి. పైన గీతలున్న గాజు గొట్టంలోంచి మందు చుక్కచుక్కగా పడుతుంది. పసుపు కాస్తా ఇటుక రంగుకి తిరిగిన చుక్క దగ్గర ఠక్కున ఆపేయాలి. ఆయన కంటికి ఆ రెండు రంగులూ ఒకటే, ఆపలేదు. గొట్టం సగం ఖాళీ అయినా ఆపలేదు. సింకు దగ్గరున్న సీసాలక్క ఉండబట్టలేక, “సార్, ఎప్పుడో మారిపోయింది” అంది. ఆయన గొట్టం కట్టేసి బయటికి వెళ్ళిపోయారు. మర్నాడు పొద్దున ఫ్లాస్కు ముందు నిలబడి, ఆమె వైపు చూడకుండా, “మారగానే ఊ అను” అన్నారు. అలా మొదలైంది. కొన్నాళ్ళకి గొట్టం తిప్పే పని కూడా ఆమె చేతికే వచ్చింది. రంగుల మాట మళ్ళీ ఇద్దరూ ఎత్తలేదు. పై ల్యాబు నుంచి ఏటా వచ్చే తనిఖీ సీసాల్లో ఒక్కసారంటే ఒక్కసారి కూడా తప్పు పడలేదు. పెద్దసారు రిటైరవడానికి ఇక యాభై ఏడు రోజులుంది.

ఇప్పుడు కొలబద్ద మేడమ్ ల్యాబులోకి అడుగుపెట్టారు.

మనిషి పొట్టి. మెళ్ళో తాడుకి వేలాడే కళ్ళజోడు, భుజాన సంచి, చంకలో రాసుకునే అట్ట, చేతిలో సొంత మంచినీళ్ళ సీసా. సీసాలక్క కంగారుగా కుర్చీ తుడిచి, “టీ తెప్పిస్తాను మేడమ్” అంది.

“వద్దండి. పరిశీలనకి వచ్చిన చోట ఏదీ ముట్టకూడదని మాకు రూలుంది. మీరు మీ పని చేసుకోండి.”

మీరు! ఆ గదిలో సీసాలక్కని ఇన్నేళ్ళలో మీరు అన్నవాళ్ళు లేరు. ఆమె ఎవరినో అంటున్నారనుకుని వెనక్కి తిరిగి చూసింది.

“నేను మనిషిని చూడనండీ,” అన్నారు మేడమ్ కుర్చీ లాక్కుంటూ. “మంచివాళ్ళా, కష్టపడతారా, ఇంట్లో ఇబ్బందులున్నాయా, అవేవీ నా ఫారంలో లేవు. పోస్టులో ఏ పని జరుగుతోంది, రోజులో ఎంతసేపు జరుగుతోంది, ఎవరి నిర్ణయం మీద జరుగుతోంది. నేను చూసేది ఆ మూడే.”

అట్ట పెట్టుకోవడానికి మేడమ్, అప్పుడే వచ్చి కూర్చున్న పెద్దసారు బల్ల మీద చోటు చేసుకున్నారు. చేసుకుంటూ పెన్నుల స్టాండుని పక్కకి జరిపారు. జరపడంలో అది అటుదిటు ఇటుదటు తిరిగిపోయింది.

సీసాలక్క అది చూసింది. స్టాండులో రెండే పెన్నులు. సంతకాలకి ఆకుపచ్చ, కొట్టివేతలకి ఎరుపు, అదీ ఈ శాఖ రివాజు. రెండూ నల్లవే, మూత కొసన రంగు చుక్క తప్ప ఏ తేడా లేదు. రోజూ పొద్దున్నే రాగానే ఆకుపచ్చని ఎడమ చిల్లులో పెట్టడం ఆమె మొదటి పని. తలుపు తాళం తీయడమన్నా మర్చిపోతుందేమో గానీ అది మర్చిపోదు. ఇప్పుడు ఎడమ పక్కన ఎరుపు ఉంది. మేడమ్ మోచెయ్యి సరిగ్గా ఆ స్టాండుకి ఆనుకుని ఉంది.

పెద్దసారు కూడా అది చూశారు. చూసి, గొంతు సవరించుకుని లేచారు. గోడకున్న తెల్లకోటు తీసి తొడుక్కున్నారు. ఆ కోటు ఆయన ఒంటిమీద చూసి ఎన్నేళ్ళయిందో! పొట్ట దగ్గర బొత్తాం పట్టనని మొరాయిస్తే వదిలేశారు.

“అమ్మాయ్, నువ్వు సీసాలు చూసుకో. పరీక్షలు నేను కానిస్తాను” అన్నారు.

సీసాలక్కకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక ఒళ్ళు మండింది. ఫారం చదివి పంపమన్న మనిషి, ఇవాళ మేడమ్ కళ్ళ ముందు ఆ ఫారం మొత్తం అబద్ధమని చూపించబోతున్నాడు! యాభై ఏడు రోజులు గండం గడిస్తే చాలు ఆయనకి. మరి తన సంగతో? నెలాఖరుకి ఇంక పదకొండు రోజులే. ఏమనగలదు? సింకు దగ్గరికి పోయి కుళాయి తిప్పింది. యంత్రం వచ్చాక సీసాలు చేత్తో కడగాల్సిన అవసరం కూడా లేదు, అయినా కడిగింది. కడిగిన సీసానే మళ్ళీ కడిగింది.

పెద్దసారు మొదటి ఫ్లాస్కు పెట్టారు. గొట్టం తిప్పారు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి, అది ఆయనకి తెలియదు గానీ ఆమెకి కనిపిస్తోంది. చుక్క, చుక్క, చుక్క. కిటికీ వెలుతురు సరిగ్గా ఫ్లాస్కు మీద పడుతోంది. పసుపు అంచున సన్నగా ఇటుక ఛాయ లేచింది.

“ఊ” అంది సీసాలక్క.

అనాలని అనలేదు. పదకొండేళ్ళ అలవాటు, నోట్లోంచి దానంతటదే వచ్చేసింది. పెద్దసారు టక్కున ఆపేశారు. మేడమ్ తలెత్తి ఇద్దరినీ చూసి, ఏదో రాసుకున్నారు.

ఛీ, ఏం చేశాను, అనుకుంది సీసాలక్క. ఆ ఒక్క ఊతో తన కాళ్ళు తనే నరుక్కుంది కదా. ఆయనే పరీక్ష చేసినట్టు మేడమ్ రాసేసుకున్నారు కదా. ఈసారి చచ్చినా అనకూడదని పెదాలు బిగించుకుంది.

రెండో ఫ్లాస్కు. చుక్క, చుక్క. ఇటుక ఛాయ వచ్చింది. ఆమె కుళాయి ఇంకాస్త పెద్దగా తిప్పింది. పెద్దసారు ఒక్క క్షణం ఆగి, మెడ తిప్పకుండానే చెవి ఇటు పెట్టారు. ఏమీ వినిపించలేదు. మళ్ళీ తిప్పారు. చుక్కలు పడుతూనే ఉన్నాయి. ఇటుక రంగు ముదిరి ఎండుమిరపకాయలా అయింది. ఆయన ఇంకా పోస్తూనే ఉన్నారు. బాగా కావాలి, అనుకుందామె. అనుకుని, అలవాటుగా ఫ్లాస్కు మీది చీటీ చదివింది.

ప్రసూతి ఆసుపత్రి, రెండో అంతస్తు కుళాయి.

అన్ని చుక్కలు పడ్డాయని రిజిస్టర్లో రాస్తే ఆ నీళ్ళలో ఉప్పు హద్దు దాటినట్టు. సాయంత్రానికి ఆ లైను మూసేయమని ఉత్తర్వు పోతుంది. ఆ కుళాయి నీళ్ళు ఆమె ప్రతినెలా చూస్తూనే ఉంది, శుభ్రమైన నీళ్ళు. అక్కడ బాలింతలు బకెట్లు పట్టుకుని మెట్లు ఎక్కి దిగడం ఆమె కళ్ళ ముందు ఆడింది.

“సార్, దాటిపోయింది. పారబోసి మళ్ళీ పెట్టండి” అంది కుళాయి కట్టేసి.

మేడమ్ కళ్ళజోడు పైకి తోసుకున్నారు.

“దాటిందాండీ?” అని పెద్దసారుని అడిగారు.

“ఆ... దాటినట్టే ఉంది.”

“దాటిందా, దాటినట్టుందా? రెండిట్లో ఏది రాసుకోమంటారు?”

మేడమ్ గడియారం చూసుకుని, భోజనాల తర్వాత మొదలుపెడదామన్నారు. సీసాలక్కని మాత్రం ఆగమన్నారు.

సీసాలు భద్రపరిచే చిన్నగదిలో ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. మేడమ్ తన టిఫిన్ డబ్బాలోంచి రెండు రొట్టెముక్కలు తీసుకుని తింటూనే అడిగారు.

“మీ ఫారంలో పరీక్షలన్నీ నేనే చేస్తానని రాశారు. పొద్దున్నుంచీ చేస్తున్నది ఆయన. ఏది నిజం?”

“ఫారంలో రాసిందే నిజం మేడమ్.”

“మరి ఇవాళ ఆయనెందుకు చేస్తున్నారు?”

“మీరొచ్చారని.”

“రోజూ మీరే చేస్తే, ఆయన చేయనిదెందుకు? చేయాల్సింది ఆయన కదా? ఆయన పోస్టుకి జీతం ఇస్తున్నది అందుకే కదా?”

సరిగ్గా అక్కడికే వస్తుందని సీసాలక్కకి తెలుసు. ఒక్క మాట చెబితే చాలు. ఆయనకి రంగులు తెలియవు మేడమ్, అంతే. ఆ మాటతో తన ఫారం నిజమైపోతుంది, తన పోస్టు నిలుస్తుంది. ఆయన పెన్షను మాత్రం గాలికి పోతుంది. పొద్దున ఆయన చేసిన పనికి చెప్పేయాలనే అనిపించింది కూడా. నోటిదాకా వచ్చింది.

“ఆయన చేతిరాత ముత్యాల్లా ఉంటుంది మేడమ్” అంది చివరికి. “నావి కోడిగీతలు. అందుకని నేను చేస్తాను, ఆయన రాస్తారు.”

మేడమ్ నమలడం ఆపారు. “నేను ఇరవైరెండేళ్ళుగా ఇదే పని చేస్తున్నానండీ. ఇంత పేలవమైన అబద్ధం ఈమధ్య వినలేదు” అన్నారు. కోపంగా కాదు, ఏదో లెక్క సరిచూసినట్టు అన్నారు.

అప్పుడే ఫోను మోగింది. సీసాలక్క భర్త. ఆయనది వీధి చివర టైలరు దుకాణం. ఎర్ర దారాల్లోనే నలభై రకాలుంటాయి, గుడ్డకి సరిపోయే దారం ఏదో ఆయనకి ఎప్పటికీ తేలదు. పెళ్ళయిన కొత్తల్లో ఆ డబ్బాల ముందు కూర్చునే ఆమె కన్ను అంత పదునెక్కింది.

“ఇదిగో, పెళ్ళివారి జాకెట్టుకి దారం దొరకట్లేదు. వంకాయ రంగుదే, కానీ నువ్వు మొన్న తీసిచ్చింది కాదంట” అన్నారు అవతలి నుంచి.

“మూడో అరలో, కుడిచేతి వైపు, సగం అయిపోయిన ఉండ చూడండి. అది వంకాయ కాదు, నేరేడు. ఇప్పుడు పెట్టేయండి, ఇక్కడ మేడమ్ ఉన్నారు.”

“వచ్చేశారా! ఏమంటున్నారు? ఉంటుందా ఉద్యోగం?”

“సాయంత్రం చెప్తాను” అని పెట్టేసింది. దుకాణం అద్దె, ఇంటి ఖర్చు ఆ ఒక్క ప్రశ్న మీదే ఆధారపడి ఉన్నాయి.

మేడమ్ అంతా విన్నారు. డబ్బా మూత పెట్టి, “పదండి. ఇప్పుడు మీరు చేయండి, నేను చూస్తాను” అన్నారు.

మధ్యాహ్నం పెద్దసారు తన కుర్చీలో కూర్చున్నారు. కోటు విప్పేశారు. సీసాలక్క ఫ్లాస్కు ముందు నిలబడింది. మొదటి సీసాకి మేడమ్ వైపు రెండుసార్లు చూసింది. రెండోదానికి ఒక్కసారే చూసింది. మూడోదానికి మేడమ్ ఉన్నారన్న సంగతే మర్చిపోయింది. ఎడమచేత్తో ఫ్లాస్కు తిప్పుతూ, కుడిచేతి రెండు వేళ్ళతో గొట్టం మరని నిమిరినట్టు తిప్పి, చివరి చుక్కకి ముందు చుక్క దగ్గర నెమ్మదించి, రంగు తిరగగానే ఆపి అంకె చెబుతోంది. పెద్దసారు రాసుకుంటున్నారు. ప్రసూతి ఆసుపత్రి నీళ్ళు మళ్ళీ పెట్టింది. హద్దుకి చాలా లోపలే వచ్చింది. ఒక బడి నీళ్ళకి ప్రతినెలా వచ్చే అంకె రాకపోయేసరికి, “ఇది వేరే కుళాయిది సార్, చీటీ మారింది. రేపు మళ్ళీ తెప్పిద్దాం” అంది.

“అది మీరు నిర్ణయిస్తారా?” అని మేడమ్ అడిగారు.

“ఎవరో ఒకరు చెప్పాలి కదా మేడమ్.”

మేడమ్ ఆ మాట రాసుకున్నారు. చాలాసేపు రాశారు. సీసాలు పన్నెండు అయ్యేసరికి అట్ట పక్కన పెట్టి, పెన్ను మూత పెట్టారు.

“నా నివేదిక ఇదండీ. ఈ పోస్టులో జరుగుతున్నది పరీక్షకుల గ్రేడు పనే. సీసాల సహాయకుల పోస్టు అనేది ఇక్కడ పేరుకే ఉంది. దీన్ని పై గ్రేడుకి మార్చమని రాస్తున్నాను.”

సీసాలక్క ఏడవకూడదనుకుంది గానీ కళ్ళు వినలేదు. పెద్దసారు కూడా లేచి నిలబడ్డారు. “చాలా సంతోషం అమ్మాయ్” అన్నారు. ఆ సంతోషం నిజంగానే ఉంది ఆయన గొంతులో. పొద్దున్నుంచి మొదటిసారి ఊపిరి పీల్చుకున్నట్టున్నారు.

“ఆగండి,” అన్నారు మేడమ్. “నేను పోస్టుని చూస్తానన్నాను, మనిషిని కాదన్నాను. పోస్టు పైకి వెళ్ళింది. మీరింకా వెళ్ళలేదు. పరీక్షకుల పోస్టుకి డిగ్రీ ఉండాలి. మీరు చదివింది ఇంటరు.”

“అంటే?”

“అంటే ఈ పోస్టు ఉంటుంది. ఇందులోకి డిగ్రీ ఉన్న మనిషి వస్తారు. మీరు మిగులు జాబితాలోకి వెళ్తారు.”

ఇదేం రూలండీ! పని ఆమె చేసిందని తేల్చినందుకు ఆ పని ఇంకొకరికి పోతుందట. సీసాలక్కకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కుర్చీ లేకపోయినా కూర్చోబోయింది. పెద్దసారే గబుక్కున తన కుర్చీ ఇటు జరిపి, తను స్టూలు మీద కూర్చున్నారు.

“మినహాయింపు ఒకటుంది,” అని మేడమ్ సంచిలోంచి ఒక కాగితం తీశారు. “పదేళ్ళకి పైగా ఆ పని సొంతంగా చేసినవాళ్ళకి డిగ్రీ అక్కర్లేదు. కానీ అది పై అధికారి ధ్రువీకరించాలి. నా నివేదికతోపాటే వెళ్ళాలి, అంటే ఇవాళే. గడులు మూడు. ఎవరు చేశారు, ఎన్నేళ్ళు చేశారు. మూడోది, అధికారి ఆ పని స్వయంగా చేయకపోవడానికి కారణం.”

కాగితం పెద్దసారు ముందు పెట్టారు.

“పని ఒత్తిడి అని రాయకండి. రోజుకి నలభై సీసాలొచ్చే ల్యాబులో ఒత్తిడేమిటని మావాళ్ళు కొట్టేస్తారు. చేతిరాత బాగుంటుందని కూడా రాయకండి.” ఆ మాటన్నప్పుడు సీసాలక్క వైపు చూడలేదు. “సంతకం ఆకుపచ్చ సిరాతోనే ఉండాలి. ఎర్ర సిరాతో ఉంటే చదవకుండానే వెనక్కి పంపేస్తారు.”

పెద్దసారు మొదటి గడి చదివారు. రెండోది చదివారు. మూడోదాని దగ్గర ఆగిపోయారు. సీసాలక్క నేల చూస్తూ కూర్చుంది. రాయమని ఎలా అడుగుతుంది? రాయొద్దని మాత్రం ఎలా అంటుంది?

“ఇంట్లో పెద్దావిడకి చెప్పకుండా ఇంత పని చేయొద్దు సార్” అంది మెల్లగా. పెద్దావిడంటే ఆయన భార్య. “మీ పెన్షను సంగతి ఆలోచించుకోండి. నేనేదో ఒకటి చూసుకుంటాను.”

“పొద్దున నీ పని లాక్కున్నాను,” అన్నారాయన. “భయమేసింది అమ్మాయ్. ఆ కోటు తొడుక్కుంటుంటేనే సిగ్గేసింది, అయినా తొడుక్కున్నాను. నేనక్కడ నిలబడి నీ నోట్లో మట్టి కొడుతుంటే, సింకు దగ్గర్నుంచి ఊ అన్నావు.”

“అలవాటు సార్. అనాలని అనలేదు.”

“రెండోసారి అనాలనే అన్నావుగా.”

ఆమెకి ఆయన మీద పొద్దున వచ్చిన కోపం ఎటు పోయిందో, ఇప్పుడు వెతికినా దొరకలేదు. పెద్దసారు స్టాండు వైపు చెయ్యి చాచారు. పదకొండేళ్ళుగా చాచినట్టే ఎడమ పక్కకి చాచి, పెన్ను ముట్టుకోబోయి ఆగారు. ఆ స్టాండు తిరగడం ఆయన కూడా చూశారు కదా. ఎంత తిరిగిందో, ఏది ఎటు పోయిందో ఆయనకి తెలియదు. రెండు పెన్నులూ తీసి అరచేతిలో పెట్టుకున్నారు. కళ్ళజోడు పైకెత్తి ఒకసారి చూశారు, దించి ఒకసారి చూశారు. తర్వాత ఆ అరచెయ్యి అలాగే సీసాలక్క వైపు చాపారు, మేడమ్ ఎదురుగానే.

“అమ్మాయ్, ఇందులో ఆకుపచ్చదేదో చూసి ఇవ్వమ్మా.”

కాగితాలు సర్దుతున్న మేడమ్ చేతులు ఆగిపోయాయి. ఆ అరచేతిలో పెన్నుల్ని చూశారు. మూతల కొసన చుక్కలు ఒకటి ఎర్రగా, ఒకటి పచ్చగా, గుమ్మంలోంచి చూసినా కనిపించేలా ఉన్నాయి. సీసాలక్క చెయ్యి సగం దాకా వచ్చి ఆగింది.

“మీరివ్వకండి,” అన్నారు మేడమ్ ఆమెతో. పెద్దసారు వైపు తిరిగి, “మీరే చెప్పండి. ఏది ఆకుపచ్చ?”

“చెప్పలేను మేడమ్. ఎప్పుడూ చెప్పలేను. మూడో గడిలో రాయాల్సింది అదే.”

ఎంత సులువుగా అనేశారో! అని, స్టూలు మీదే గోడకి చేరబడ్డారు. సీసాలక్కకే దుఃఖం ఆగలేదు. పైటకొంగుతో మొహం తుడుచుకుంది.

మేడమ్ లేచి వెళ్ళి తలుపు దగ్గరకి వేసి వచ్చారు. కూర్చుని, సంచిలోంచి ఇంకో ఫారం తీశారు. ఇది గులాబీ రంగుది, ఆ రంగూ ఆయనకి తెలియదు. దాన్ని ధ్రువీకరణ పత్రం పక్కన పెట్టారు.

“ఈ మాట విన్నాక ఒక్క కాగితంతో పోదండీ. ఈయన పదకొండేళ్ళు తను చూడనివాటి కింద సంతకాలు పెట్టారు. అది అక్రమం. అది తెలిసిన అధికారి ఈ రెండో ఫారం నింపాలి, రూలు. ఇందులో సంతకం పెట్టినవాళ్ళ పేరొక్కటే కాదు.” సీసాలక్క వైపు చూశారు. “సంగతి తెలిసి కూడా పదకొండేళ్ళు పై అధికారులకి చెప్పనివాళ్ళ పేరు కూడా రాయాలి. అంటే మీది. మినహాయింపు మీకు వస్తే రావచ్చు. విచారణ మాత్రం ఇద్దరి మీదా ఉంటుంది.”

“ఆమె ఏం చేసింది?” పెద్దసారు ఒక్క ఉదుటున ముందుకి వంగారు. “నేను చేయమంటే చేసింది!”

“ఆ మాట విచారణలో చెప్పుకోవచ్చు.” మేడమ్ కళ్ళజోడు తీసి గుండెల మీదకి వదిలేశారు. ఆవిడ మొహం మొదటిసారి అలిసిపోయినట్టు కనిపించింది. “నేనింకా ఏమీ రాయలేదు. రాయనిది నేను విననట్టే. ఈ రెండు కాగితాలూ కలిసే వెళ్తాయి, లేదంటే రెండూ వెళ్ళవు. వెళ్ళకపోతే ఈయన యాభై ఏడు రోజుల్లో హాయిగా రిటైరవుతారు, మీరు నెలాఖరుకి జాబితాలోకి పోతారు. ఇరవైరెండేళ్ళలో ఇలా ఎవరినీ అడగలేదండీ, మిమ్మల్ని అడుగుతున్నాను. రాయమంటారా?”

ఆకుపచ్చ పెన్ను, ఎర్ర పెన్ను పెద్దసారు అరచేతిలో అలాగే ఉన్నాయి. ఆయన మేడమ్‌ని చూడటం లేదు, కాగితాల్ని చూడటం లేదు. చుక్కలు పడుతున్న ఫ్లాస్కు ముందు నిలబడినప్పటిలాగే, తనకి కనపడనిది చూసి చెప్పే ఆ మనిషి నోటి నుంచి వచ్చే ఒక్క ఊ కోసం చెవి పెట్టి కూర్చున్నారు.

సీసాలక్క పెదాలు విడివడ్డాయి.